పానా ఎవరి చేతిలో ఉంది?

(గోదావరిఖనిలో స్త్రీ కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి చర్చించుకోవలసిన చోట కారు ఇంజనులో ట్యాపెట్లు మార్చడం గురించి మాట్లాడటమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. సాంకేతిక జ్ఞానం ఎవరి చేతిలో ఉంది, ఎవరికి అందకుండా ఉంది అన్నది కూడా హక్కుల ప్రశ్నే. అందుకే ఈ అంశం ఎంచుకున్నాను.

ఒకప్పుడు ఏ ఆఫీసు ముందు చూసినా కనిపించిన అంబాసిడర్‌నే ఉదాహరణగా తీసుకుందాం. దాని తయారీ 2014లో ఆగిపోయింది. పాత అంబాసిడర్‌లోని 1489 సి.సి. పెట్రోలు ఇంజనుకు 8 వాల్వులు, 8 ట్యాపెట్లు. కామ్ షాఫ్టు తిరుగుతూ ట్యాపెట్‌ను పైకి లేపుతుంది. ట్యాపెట్ పుష్ రాడ్‌ను, పుష్ రాడ్ రాకర్‌ను, రాకర్ వాల్వును నెడతాయి. వేళకు ఆయిలు మార్చకపోతే ట్యాపెట్ అడుగు అరిగి గుంతలు పడుతుంది. ఇంజను టకటకమని కొట్టుకుంటుంది. రాకర్ దగ్గర సందు సరిచేసినా కొద్ది రోజులకే ఆ చప్పుడు మళ్ళీ మొదలవుతుంది.

దీన్ని ఇంటి ముందే బాగుచేసుకోవచ్చు. ఇంజను చల్లారాక బ్యాటరీ వైరు తీసెయ్యాలి. రాకర్ షాఫ్టును పట్టి ఉంచే నట్లలో నాలుగు, ఇంజను హెడ్డును కూడా పట్టి ఉంచుతాయి. కాబట్టి ముందు రేడియేటర్ నీళ్ళు దింపి, హెడ్డు నట్లన్నీ కొంచెం కొంచెంగా, వరస ప్రకారం వదులు చెయ్యాలి. ఇక్కడ తొందరపడితే హెడ్డు వంకరపోతుంది. తర్వాత పుష్ రాడ్లు తీసి, ఒక అట్టకు ఎనిమిది చిల్లులు పెట్టి, నెంబర్లు వేసి గుచ్చుకోవాలి. కార్బురేటర్, మానిఫోల్డు విప్పితే పక్క మూతలు అందుతాయి. వాటి వెనక నుంచి ట్యాపెట్లను వేళ్ళతోనే పైకి తీయవచ్చు. బాగున్న పాతవి ఏ రంధ్రంలోవి ఆ రంధ్రంలోకే పోవాలి. కొత్తదానికి ఆయిలు రాసి వదిలితే తన బరువుకు తానే లోపలికి జారాలి. కామ్ కూడా అరిగిపోయి ఉంటే కొత్త ట్యాపెట్ వేసి లాభం లేదు, అదీ త్వరలోనే పాడవుతుంది. అప్పుడది షెడ్డులో చెయ్యవలసిన పెద్ద పని.

చివర్లో సందు సరిచూడటానికి ఒక సులువైన లెక్క ఉంది. 8వ వాల్వు పూర్తిగా నొక్కుకుని ఉన్నప్పుడు 1వ దాన్ని, 6వది నొక్కుకుని ఉన్నప్పుడు 3వ దాన్ని సరిచెయ్యాలి. రెండు అంకెలూ కలిపితే ఎప్పుడూ 9 రావాలి.

ఇందులో కండబలం ఎక్కడుంది? బిగిసిన నట్టుకు పొడుగు పిడి ఉన్న పానా చాలు. తిరిగి బిగించేటప్పుడు టార్క్ రెంచి చెప్పినంతే బిగించాలి, అంతకు మించితే స్టడ్డు తెగుతుంది. అంటే బలం ఎక్కువైతే ఇక్కడ నష్టమే. ఈ పనికి కావలసింది వరస, శుభ్రత, ఓపిక, గుర్తు పెట్టుకోవడం. వంటింట్లో ఇవే గుణాలను 'ఆడవాళ్ళ స్వభావం' అంటారు. షెడ్డులో వాటికే 'నైపుణ్యం' అని పేరు పెట్టి జీతం కడతారు.

ఇంటి దగ్గర రిపేరు జరిగేటప్పుడు గమనించండి. భర్త బోనెట్ కింద వంగి ఉంటాడు. భార్య టార్చి పట్టుకుంటుంది, సామాన్లు కిరసనాయిలుతో కడుగుతుంది, ఏది ఎక్కడిదో గుర్తుపెట్టుకుంటుంది. మసి బట్టలు ఉతుకుతుంది. పని ఇద్దరిది, 'మెకానిక్' అన్న పేరు మాత్రం ఒకరిదే. లింగపరమైన శ్రమ విభజన అంటే పని చెయ్యనివ్వకపోవడం ఒక్కటే కాదు, చేసిన పనిని లెక్కలోకి రానివ్వకపోవడం కూడా.

చట్టం కూడా ఈ చూపుకు ఊతమిచ్చింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్, ప్రమాదం ఉన్నచోట నడుస్తున్న యంత్ర భాగాలను శుభ్రం చెయ్యడం, ఆయిలు వెయ్యడం, సరిచెయ్యడం స్త్రీలకూ బాలలకూ కలిపి నిషేధించింది. ఎదిగిన స్త్రీని పిల్లలతో ఒకే గాటన కట్టింది. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ భూగర్భంలో స్త్రీల పనిని నిషేధించింది. కానీ ఉపరితలంలో ఉదయం 6 నుంచి సాయంత్రం 7 వరకు పని చెయ్యడానికి ఆ సెక్షన్ ఎన్నడూ అడ్డు చెప్పలేదు. అంటే గని మీది వర్క్‌షాపులో పగటిపూట ఆగి ఉన్న ఇంజనును విప్పడానికి ఆ రోజుల్లోనూ అడ్డం లేదు. అయినా తండ్రి స్థానంలోనో, భర్త స్థానంలోనో ఉద్యోగానికి వచ్చిన స్త్రీలకు ఎక్కువగా దక్కింది ఊడ్చే పని, క్యాంటీను, ఆఫీసులో ఫైళ్ళు మోసే పని. ఆపింది చట్టం కాదు, అలవాటు.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్, అన్ని రకాల పనుల్లోనూ స్త్రీలు నియామకానికి అర్హులేనంది. అదే ఏడాది సింగరేణి, మహిళా ఉద్యోగులను భారీ యంత్రాల ఆపరేటర్లుగా తీసుకోవడానికి ముందుకొచ్చింది. సంతోషమే. అయితే నడపడం వేరు, విప్పి బాగుచెయ్యడం వేరు. బండి ఆగిపోయిన ప్రతిసారీ మరొకరి కోసం ఎదురుచూడవలసి వస్తే ఆ స్వేచ్ఛ సగమే.

అందుకని మనం అడగవలసినవి మూడు. ఐ.టి.ఐ.లలో మోటారు మెకానిక్, డీజిల్ మెకానిక్ ట్రేడుల్లో ఆడపిల్లలను ప్రోత్సహించి చేర్చుకోవాలి. కుట్టుపని మంచిదే, కానీ అదొక్కటే దారి కాకూడదు. సింగరేణి వర్క్‌షాపుల్లో స్త్రీలకు ఫిట్టర్, మెకానిక్ శిక్షణ, దానికి తగిన హోదా, జీతం ఇవ్వాలి. వర్క్‌షాపుల్లో స్త్రీలకు వేరుగా మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది ఉండాలి. అవి లేవన్న సాకుతోనే చాలా తలుపులు మూసుకుపోతున్నాయి.

ఒక మాట మన సంఘాలకు కూడా. మన బండికి రిపేరు వచ్చినప్పుడు మన కార్యకర్తల్లో ఇద్దరైనా షెడ్డులో నిలబడి చూసి నేర్చుకుంటున్నారా? మధ్యాహ్నం మనం ఒక పాత ఇంజను విప్పబోతున్నాం. పానా అందరి చేతికీ రావాలి. టార్చి మాత్రం వంతులవారీగా పట్టుకుందాం.