ఆదుకునే ధనం – అర్థంకాని కాగితం

(సరిహద్దు జిల్లా తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)



భాషా హక్కుల సభలో ఆర్థిక సంక్షోభం ప్రస్తావన ఎందుకని మీకు సందేహం కలగవచ్చు. ప్రభుత్వం ప్రజలను ఆదుకోవడానికి ధనం వెచ్చించినప్పుడు దాని ముందు ఒక కాగితం నడుస్తుంది. ఆ కాగితం చదవగలిగినవానికే ఆ ధనం అందుతుంది. ఈ ఒక్క మాట మనవి చేయడానికే నేడు మీ ముందు నిలిచాను.

2008 సెప్టెంబరు 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ సంస్థ దివాలా తీసింది. అక్టోబరు 3న అక్కడి ప్రభుత్వం 70,000 కోట్ల డాలర్ల సహాయ చట్టం చేసింది. పది రోజులు గడిచాయో లేదో, ఖజానా మంత్రి హెన్రీ పాల్సన్ తొమ్మిది పెద్ద బ్యాంకుల అధిపతులను వాషింగ్టన్‌కు పిలిపించారు. ఒక్కొక్కరి ముందు ఒకే పుట కాగితం ఉంచారు. ఆ రోజే అందరి సంతకాలూ పూర్తయ్యాయి. ఆ తొమ్మిది బ్యాంకులకు కేటాయించిన మొత్తం 12,500 కోట్ల డాలర్లు.

ఇళ్ల అప్పులు తీర్చలేక వీధిన పడుతున్న సామాన్యుల కోసం 2009 ఫిబ్రవరిలో మరొక పథకం ప్రకటించారు. ముప్పై నలభై లక్షల కుటుంబాలను ఆదుకోవడం దాని లక్ష్యం. అయితే వారి ముందుంచినది ఒక పుట కాదు. ఆదాయ పత్రాలు, పన్ను పత్రాలు, ప్రమాణ పత్రాలు అడిగారు. పంపినవి కనబడలేదని మళ్లీ పంపమన్నారు. 2016 చివర ఆ పథకం ముగిసే నాటికి శాశ్వతమైన ఊరట లభించినది సుమారు 17 లక్షల కుటుంబాలకు.

బ్యాంకులను నిలబెట్టడమే తప్పని నేననను. బ్యాంకు కూలితే అందులో దాచుకున్న పేదవాని సొమ్ము కూడా కూలుతుంది. అమెరికా బ్యాంకులలో పెట్టిన ధనం తరువాత లాభంతో సహా ఖజానాకు తిరిగి వచ్చింది కూడా. కరువు కాలంలో గాదె తలుపు తెరవడం ప్రభుత్వ ధర్మమే. మన కేంద్ర ప్రభుత్వం సైతం 2008 డిసెంబరు నుండి 2009 ఫిబ్రవరి వరకు మూడు విడతలుగా ఉద్దీపన చర్యలు చేపట్టింది. పన్నులు తగ్గించి, ఖర్చు పెంచింది. 2007-08లో జాతీయోత్పత్తిలో రెండున్నర శాతంగా ఉన్న ద్రవ్యలోటు మరుసటి సంవత్సరం ఆరు శాతానికి చేరింది. అందువల్ల నా ప్రశ్న గాదె తెరవడం గురించి కాదు. తెరిచిన గాదె వద్దకు ఎవరు చేరగలిగారన్నదే నా ప్రశ్న.

ఆ సంక్షోభం మన వాకిటికి రాకముందే, 2008 ఫిబ్రవరి 29నాటి బడ్జెట్టులో ఆర్థికమంత్రి చిదంబరం రైతు రుణమాఫీ ప్రకటించారు. నాటి అంచనా 60,000 కోట్ల రూపాయలు. రెండు హెక్టార్ల లోపు రైతుకు గడువు మీరిన బాకీ పూర్తిగా రద్దు. అంతకు మించి భూమి ఉన్న రైతుకు నాలుగింట ఒక వంతు తగ్గింపు మాత్రమే. అదైనా, మిగిలిన మూడు వంతులూ గడువులోగా చెల్లిస్తేనే. అర్హుల జాబితాలను బ్యాంకు శాఖలలో అతికించాలని నిబంధన.

కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2013లో సమర్పించిన నివేదిక చూడండి. జాబితాకెక్కని 9,334 ఖాతాలను తనిఖీ చేయగా 1,257 మంది అర్హులేనని తేలింది. మరొక పరిశీలనలో 61,793 ఖాతాలకు గాను 21,182 ఖాతాల విషయంలో, మాఫీ పత్రం రైతు చేతికి అందినట్లు ఏ ఆధారమూ లేదు. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరు! వీరందరూ భాష రానివారని నేను చెప్పడం లేదు. సొంత భాషలో చదువుకోగలిగినవారి గతే ఇదైతే, పరభాషలో నోటీసు చూసినవారి గతి ఏమిటని అడుగుతున్నాను.

హోసూరు వైపు నుండి ఒక పెద్దాయన నా వద్దకు వచ్చాడు. ఆరెకరాల రైతు. తెలుగు చక్కగా చదువుతాడు, వ్రాస్తాడు. "గవర్నమెంటోళ్లు బాకీ మాఫీ చేసినారు కదా స్వామీ, మళ్లీ ఈ నోటీసేంది?" అని కాగితం నా చేతిలో పెట్టాడు. ఆయనకు వర్తించినది పూర్తి మాఫీ కాదు, పావు వంతు తగ్గింపు. ఆ సంగతీ, గడువు తేదీ బ్యాంకు గోడ మీద తమిళంలో, ఇంగ్లీషులో ఉన్నాయి. "అతికించింది చూసినాను స్వామీ. అందరికీ మాఫీ అన్నారు, నాకూ అనుకుంటిని" అన్నాడు. అప్పటికే గడువు దాటిపోయింది. తగ్గింపు పోయింది, వడ్డీ పెరిగింది. న్యాయశాస్త్రం చదివిన నాకు ఆయనకు చూపడానికి దారి దొరకలేదు. ఆ రోజు ఆయన నన్ను నిందించకుండా నమస్కారం పెట్టి వెళ్లడం నేటికీ నన్ను బాధిస్తూనే ఉంది.

2020లో కరోనా కాలం దీనికి మరొక సాక్ష్యం. మే నెలలో 20 లక్షల కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించారు. అందులో అధిక భాగం అప్పులు, హామీలే. చిన్న పరిశ్రమలకిచ్చిన 3 లక్షల కోట్ల రుణ హామీ అప్పటికే సంస్థలలో అప్పు ఉన్న వ్యాపారులకే వర్తించింది. షోలాపురంలో తరతరాలుగా మగ్గాన్ని నమ్ముకున్న మన తెలుగు కుటుంబాలలో బ్యాంకు ముఖం చూడనివారికి అందులో చోటేదీ? అదే సమయంలో జన్‌ధన్ ఖాతా ఉన్న స్త్రీలకు నెలకు 500 రూపాయల చొప్పున మూడు నెలలు నేరుగా జమ చేశారు. మొత్తం స్వల్పమే. అయినా ఖాతా ఉన్న ఇల్లాలికి అది చేరింది. ఎందుకంటే దానికి దరఖాస్తు లేదు, చదవవలసిన నోటీసు లేదు.

ప్రతి సహాయాన్నీ కాగితం లేకుండా ఇవ్వడం సాధ్యం కాదు. కాబట్టి ఆ కాగితం మన భాషలో ఉండాలని కోరుతున్నాము. ఇది కొత్త కోరిక కాదు. ఒక జిల్లాలో గాని, పురపాలక సంఘంలో గాని, తాలూకాలో గాని భాషా అల్పసంఖ్యాకులు 15 నుండి 20 శాతం ఉన్నచోట ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలను వారి భాషలోనూ ప్రచురించడం మేలని 1956నాటి కేంద్ర ప్రభుత్వ మెమొరాండం చెప్పింది. కష్టాన్ని విన్నవించుకునే అర్జీని యూనియన్‌లో గాని, రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా సమర్పించే హక్కును రాజ్యాంగం 350వ అధికరణం ఇచ్చింది. రాష్ట్ర భాషను మనం నేర్చుకుందాం, గౌరవిద్దాం. కాని ఆపద వచ్చిన నాడు, గడువు ముప్పై రోజులున్న నాడు, కొత్త లిపి నేర్చుకొని రమ్మనడం న్యాయం కాదు.

మీకు నా మనవి మూడు మాటలు. మీ తాలూకాలో మనవారి శాతం ఎంతో జనాభా లెక్కల నుండి తీసి, తెలుగు ప్రకటనల కోసం కలెక్టరుకు ఇప్పుడే అర్జీ పెట్టండి. సంక్షోభం వచ్చాక పెట్టే అర్జీ ఆలస్యమవుతుంది. అర్జీ ఏదైనా తేదీ వేసిన రసీదు లేకుండా కార్యాలయం గడప దాటకండి. ఊరికొక చదువుకున్న యువకుడో, యువతో బ్యాంకు గోడ మీది ప్రతి నోటీసునూ తెలుగులో వ్రాసి రచ్చబండ వద్ద చదివి వినిపించాలి.

పెద్ద బ్యాంకులకు ఒక పుట, ఒక రోజు చాలాయి. ఆరెకరాల రైతుకు తన భాషలో ఒక పుట ఇవ్వమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. ఆ పుట సకాలంలో అందివుంటే ఆ పెద్దాయన నా వద్దకు రావలసిన అవసరమే ఉండేది కాదు.