పట్టా వేరు, పట్టం వేరు



పిల్లలు ఇంటరు ముగించే రోజుల్లో మన ఇళ్ళల్లో ఒకటే చర్చ. ఇంజనీరింగా, మెడిసినా, లేక బి.కాం.లో వేసి బ్యాంకు పరీక్షలు రాయించటమా అని. ఇటువంటి సమయంలో ఒక కతోలిక కుటుంబంలోని పిల్లవాడు, "నేను దైవశాస్త్రం చదువుతాను, ఫాదరునవుతాను" అన్నాడనుకోండి. ఇంటిల్లిపాదికీ ఏమనాలో తోచదు. "అదీ ఒక చదువేనా?" అంటాడు తండ్రి. "మన ఇంటికింతకంటే పుణ్యం ఏముంది?" అంటుంది నాయనమ్మ. అదే మాట ఆడపిల్ల అన్నదా, ఇంకొక ప్రశ్న పుట్టుకొస్తుంది: "ఎంత చదివినా నిన్ను ఫాదరును చెయ్యరు గదా, నీకెందుకే ఆ చదువు?"

ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం వెతకటమే ఇవాళ్టి నా ప్రసంగం. వింటున్న వారిలో చాలామంది కతోలికులు కాకపోవచ్చు. అయినా మన పిల్లలు కాన్వెంటు స్కూళ్ళలో చదువుతున్నారు, ఫాదర్లూ సిస్టర్లూ నడిపే ఆస్పత్రులకు మనం వెళ్తున్నాం. తెల్లని అంగీ వేసుకున్న ఆ మనిషి ఎన్నేళ్ళు చదివి, ఏం చదివి ఆ స్థానానికి వచ్చారో మాత్రం మనలో బహు కొద్దిమందికే తెలుసు.

ముందు కాస్త వెనక్కి వెళ్దాం. ఐరోపాలో పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాలుండి, వాటిలో దైవశాస్త్రం గొప్పగా బోధిస్తున్న కాలంలో కూడా, పల్లెటూళ్ళలో గురువులయ్యే వారిలో చాలామంది ఆ గడప తొక్కిన వాళ్ళు కారు. పెద్ద గురువు దగ్గర నాలుగు రోజులుండి, చూసి నేర్చుకున్నదే చదువు. దానివల్ల జరిగిన నష్టం గ్రహించి, ట్రెంటు నగరంలో సమావేశమైన మహాసభ 1563లో ఒక శాసనం చేసింది. ప్రతి మేత్రాసనంలోనూ, అంటే ప్రతి బిషప్పుగారి పరిధిలోనూ, గురువులు కాగోరే పిల్లల కోసం ఒక విద్యాలయం ఉండాలి. పన్నెండేళ్ళు నిండి, చదవటం రాయటం వచ్చిన పిల్లల్ని చేర్చుకోవాలి. అందులోనూ పేదల పిల్లల్ని ముఖ్యంగా చూడాలి, ధనికుల పిల్లలు తమ ఖర్చు తాము పెట్టుకోవాలి. ఈ చివరి మాట గమనించండి. కలవారికే చదువు అనుకునే రోజుల్లో చేసిన ఏర్పాటది. కర్నూలు జిల్లా పల్లెలో పుట్టిన పూల ఆంథోనీగారు 2022లో కార్డినల్ కావటం, తెలుగువారిలో మొదటివారుగా, దళితుల్లో మొదటివారుగా ఆ హోదా అందుకోవటం మనకు తెలుసు. చదువుకు తలుపు తెరిస్తే ఎక్కడి పిల్లవాడు ఎక్కడి దాకా వెళ్ళగలడో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

మన దేశం సంగతి చూద్దాం. ఇక్కడి యువకులకు ఉన్నత స్థాయిలో దైవశాస్త్రం నేర్పటానికి పోపు పదమూడవ లియో 1893లో సింహళంలోని క్యాండీ పట్టణంలో ఒక విద్యాలయం పెట్టించారు. భారతదేశానికి దాని కొడుకులే రక్షణ సేవకులవుతారని అర్థం వచ్చే మాటలు చెక్కించి ఒక పతకం కూడా చేయించారు. ఆ విద్యాలయమే 1955లో పూనాకు మారింది. ఇవాళ అక్కడి విద్యాపీఠాన్ని జ్ఞానదీప అంటారు. మన హైదరాబాదులో రామంతాపూర్‌లో సెయింట్ జాన్స్ ప్రాంతీయ గురువిద్యాలయం ఉన్నది. బెంగుళూరులోనూ, ఢిల్లీలోనూ ఇటువంటి సంస్థలున్నాయి.

ఇక చదువు ఎన్నేళ్ళు? 1983లో వచ్చిన శ్రీసభ ధర్మశాస్త్రం ప్రకారం తత్త్వశాస్త్రం నిండా రెండేళ్ళు, దైవశాస్త్రం నిండా నాలుగేళ్ళు, వెరసి కనీసం ఆరేళ్ళు. ఇది పుస్తకంలోని లెక్క. దీనికి ముందు ప్రార్థనాజీవితం అలవడటానికి కొంతకాలం, మధ్యలో ఏదైనా విచారణలోనో బడిలోనో పనిచేసి అనుభవం సంపాదించటానికి కొంతకాలం, చాలామందికి పక్కనే ఒక బి.ఎ. డిగ్రీ, అన్నీ కలిపితే ఇంటరు తర్వాత ఇంచుమించు పదేళ్ళ మాట. విచారణ అంటే ఇక్కడ కోర్టు విచారణ కాదండోయ్, ఒక గురువుగారి సంరక్షణలో ఉండే ఊళ్ళనూ పేటలనూ కలిపి కతోలికులు అలా పిలుస్తారు.

"పదేళ్ళూ ప్రార్థనలు బట్టీ పట్టటమేనా?" అని అడగవచ్చు. కానే కాదు. తత్త్వశాస్త్రంలో ప్లేటో, అరిస్టాటిల్‌లతో పాటు మన ఉపనిషత్తులూ, శంకరుల అద్వైతమూ, బౌద్ధమూ చదువుతారు. 1965లో రెండవ వాటికన్ మహాసభ గురువిద్యార్థుల చదువు గురించి చేసిన ప్రకటన, ఆయా దేశాల ఇతర మతాలను గూర్చి కూడా వాళ్ళు తెలుసుకోవాలని చెప్పింది. దైవశాస్త్రంలో బైబిలు ముఖ్యం. కతోలికుల బైబిలులో 73 గ్రంథాలున్నాయి. పాత నిబంధనలో 46, కొత్త నిబంధనలో 27. వాటిని ఎవరు, ఏ కాలంలో, ఎవరిని ఉద్దేశించి రాశారన్నది ఒక పెద్ద పాఠం. ఒకే సంఘటనను నాలుగు సువార్తలూ నాలుగు విధాలుగా చెప్పవచ్చు. నలుగురు అక్కచెల్లెళ్ళు చనిపోయిన అమ్మ గురించి చెబుతుంటే ఒకరు ఆమె చేతి వంట చెబుతారు, ఒకరు ఆమె కోపం చెబుతారు. ఎవరూ అబద్ధం చెప్పటం లేదు. అమ్మ ఒక్కతే. ఇది అర్థం చేసుకోవటానికే కొంత గ్రీకు, కొంత హెబ్రూ నేర్చుకుంటారు.

ఇవి గాక శ్రీసభ చరిత్ర, 1752 సూత్రాలున్న ధర్మశాస్త్రం, పూజావిధానం, ప్రసంగం చేసే పద్ధతి ఉంటాయి. పైగా పాఠాలు ఎక్కువగా ఇంగ్లీషులో. చదివినదంతా రేపు ఏ పల్లెలోనో తెలుగులో ఒక అవ్వకు అర్థమయ్యేట్టు చెప్పాలి. ఇది అన్నిటికంటే కష్టమైన పరీక్ష.

నా దృష్టిలో మనకు బాగా సంబంధించినది నీతిశాస్త్రం. ఒక ఇల్లాలు వచ్చి, "మా మామగారిని వెంటిలేటరు మీద ఉంచారు, ఆశ లేదంటున్నారు, తీసేస్తే పాపమా?" అని అడుగుతుంది. ఇంకొక ఆమె, "తాగి వచ్చి రోజూ కొడుతున్నాడు, అయినా కాపురం చెయ్యవలసిందేనా?" అంటుంది. చదువులేని గురువు ఇక్కడ ఒక్క మాట తప్పు చెప్పినా కొంప కూలుతుంది. దెబ్బలు తింటున్న ఆమెతో "ఓర్చుకో అమ్మా, అదే నీ శిలువ" అని పంపేయటం సులభం. కాని భార్యనో పిల్లల్నో ప్రమాదంలో పడేసే భర్త నుంచి విడిగా ఉండటానికి శ్రీసభ ధర్మశాస్త్రమే అనుమతి ఇస్తున్నది. ఆ సంగతి తెలిసిన గురువు ఒక ప్రాణం కాపాడవచ్చు, తెలియని గురువు దాన్ని తీయవచ్చు. పాపసంకీర్తనంలో విన్నది ప్రాణం పోయినా బయట పెట్టకూడదన్న నియమం కూడా ఈ చదువులోనిదే. కాబట్టి "అదీ ఒక చదువేనా?" అన్న తండ్రికి నా సమాధానం ఇది. మన కష్టం వినబోయే మనిషి పదేళ్ళు చదివి రావటం మనకే క్షేమం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. దైవశాస్త్రంలో పట్టా వేరు, గురుపట్టం వేరు. పట్టా ఇచ్చేది విద్యాపీఠం. రోము అనుమతి ఉన్న దైవశాస్త్ర విద్యాపీఠాల్లో మొదటి డిగ్రీకి అయిదేళ్ళు. తత్త్వశాస్త్రం రెండేళ్ళు ముందే చదివి ఉంటే మూడేళ్ళు. దీన్ని బి.టిహెచ్. అంటారు. ఆ పైన చదవదలిస్తే లైసెన్షియేటు, డాక్టరేటు ఉన్నాయి. గురుపట్టం ఇచ్చేది బిషప్పుగారు. ఫస్టుక్లాసులో ప్యాసైనంత మాత్రాన పట్టం హక్కుగా రాదు. నడవడి చూస్తారు, ఆరోగ్యం చూస్తారు, ఉద్దేశం చూస్తారు. డీకన్ కావటానికి ఇరవై మూడేళ్ళు, గురువు కావటానికి ఇరవై అయిదేళ్ళు నిండాలి. జీవితాంతం పెళ్ళి మాట ఉండదు.

ఈ ధర్మశాస్త్రంలోనే తల్లులు వినవలసిన సూత్రం ఒకటున్నది. పట్టం పుచ్చుకునే వాడికి పూర్తి స్వేచ్ఛ ఉండాలి. ఏ కారణం చేతనైనా సరే, ఏ విధంగానైనా సరే, ఒకరిని బలవంతపెట్టి పట్టం ఇప్పించకూడదు. తగిన వాడిని రానివ్వకుండా అడ్డుపడనూ కూడదు. రెండు వైపులా తలుపు వేసిన సూత్రమిది. బిడ్డకు జబ్బు చేసినప్పుడు "బతికితే నీకే ఇస్తాను స్వామీ" అని మొక్కుకునే తల్లులున్నారు. ఆ మొక్కు తల్లిది, బిడ్డది కాదు. అలాగే "ఒక్కగానొక్క కొడుకువి, వంశం ఏమైపోవాలి?" అని అన్నం మానేసి సాధించే తల్లులూ ఉన్నారు. రెండూ తగవు.

ఆరేడేళ్ళు చదివి, "ఇది నా దారి కాదు" అని ఇంటికి తిరిగొచ్చే అబ్బాయిలుంటారు. వీధిలో వాళ్ళు వాణ్ణి తప్పుచేసి పారిపోయి వచ్చినవాణ్ణి చూసినట్టు చూస్తారు. అది అన్యాయం. అన్నేళ్ళ శిక్షణ పెట్టిందే బాగా ఆలోచించుకోవటానికి. ఆలోచించుకుని వెనక్కి వచ్చిన వాడు ఆ ఏర్పాటును సక్రమంగా వాడుకున్నట్టే. అటువంటి పిల్లవాడికి అమ్మ పెట్టే అన్నం ఎప్పటిలాగే ఉండాలి, ఆమె అడిగే ప్రశ్నలు మాత్రం తగ్గాలి.

ఇక ఆడపిల్ల ప్రశ్న. కతోలిక శ్రీసభలో గురుపట్టం పురుషులకే. 1994లో పోపు రెండవ జాన్ పాల్ ఈ విషయాన్ని మళ్ళీ ఖండితంగా చెప్పారు. ఇందులో దాపరికం లేదు. చేరే అమ్మాయికి ముందే తెలియాలి. కాని పట్టం లేదు గనక పట్టా కూడా లేదనుకోవటం పొరపాటు. ఒకప్పుడు అదీ ఉండేది కాదు. అమెరికాలోని ఇండియానాలో సిస్టర్ మడలీవా అనే కవయిత్రి, ఒక స్త్రీల కళాశాలకు అధ్యక్షురాలు, స్త్రీలకు ఎక్కడా పై స్థాయి దైవశాస్త్రం చెప్పటం లేదని 1943లో తన కళాశాలలోనే ఆ విభాగం తెరిచింది. ఇంకొకరి గుమ్మం దగ్గర నిలబడకుండా సొంత పొయ్యి వెలిగించుకున్నట్టన్నమాట. 1970లో శ్రీసభ అవిలా తెరేసానూ, సియెన్నా కేథరీనునూ శ్రీసభ పండితులుగా ప్రకటించింది. ఆ గౌరవం స్త్రీలకు దక్కటం అదే మొదలు. వాళ్ళిద్దరూ ఏ విశ్వవిద్యాలయంలోనూ చదివిన వాళ్ళు కారు. ఇప్పుడు అటువంటి స్త్రీలు నలుగురయ్యారు. 1983 ధర్మశాస్త్రం మఠంలో లేని గృహస్థులకు కూడా, ఆడా మగా తేడా లేకుండా, దైవశాస్త్ర విద్యాపీఠాల్లో చదివి పట్టాలు పొందే హక్కు ఉన్నదని స్పష్టంగా రాసింది. పూనాలో కొడుకుల కోసమని మొదలైన ఆ విద్యాపీఠంలోనే ఇవాళ కూతుళ్ళూ కూర్చుని చదువుతున్నారు.

చదివి ఏం చేస్తారు? పిల్లలకు జ్ఞానోపదేశం చెబుతారు. ఆస్పత్రుల్లో, జైళ్ళలో మనుషుల బాధ వింటారు. కొందరు గురువిద్యార్థులకే పాఠాలు చెబుతున్నారు. మన పల్లెల్లో ఉపదేశి అనే ఆయన ఉండేవాడు. ఫాదరుగారు నెలకో రెండు నెలలకో వచ్చిపోతే, మధ్యలో ప్రార్థనలు చెప్పించేది, చావుకూ పుట్టుకకూ అండగా నిలిచేది ఆయనే. 2021లో పోపు ఫ్రాన్సిస్ ఈ ఉపదేశి సేవను శ్రీసభ ఏర్పరచిన అధికారిక పరిచర్యగా స్థాపించారు. అది స్త్రీలకూ ఉన్నది. అదే ఏడాది దేవాలయంలో గ్రంథపఠనానికీ, పూజాపీఠం దగ్గర సాయానికీ స్త్రీలను అధికారికంగా నియమించవచ్చని చట్టం మార్చారు. వీటిలో ఏదీ గురుపట్టం కాదు. కాని చదువు లేకుండా వీటిని నిలబెట్టుకోవటం కష్టం.

పంపబోయే ముందు అడగవలసినవి అడగండి. ఆ సంస్థ పట్టాకు రోము గుర్తింపు ఉన్నదా? ఇది మన యూనివర్సిటీ బి.ఎ. లాంటిది కాదు గనక, రేపు ఇతర ఉద్యోగానికి చెల్లుతుందా? మఠంలో చేరని అమ్మాయి అయితే, చదువయ్యాక పని ఎవరిస్తారు, జీతం ఎంత? సేవ అన్నామని జీతం మాట ఎత్తకూడదనేమీ లేదు. దీపం వెలిగేది నూనెతోనే గదా!

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. "దేవుణ్ణి ఎవరు పుట్టించారమ్మా?" అని మీ పిల్లో పిల్లాడో వంటింట్లో కొంగు పట్టుకుని అడిగే ఉంటారు. ఏ మతం ఇల్లయినా ఈ ప్రశ్న తప్పదు. దైవశాస్త్రం అంటే ఆ ప్రశ్నను కసిరి పంపకుండా, జీవితమంతా ఓపికగా పట్టుకుని కూర్చోవటం. అలా కూర్చోగల ఓపిక ఉన్న బిడ్డ మీ ఇంట్లో ఉంటే, వాడు అబ్బాయా, అది అమ్మాయా అని చూడకండి. పట్టం దేవుడికీ బిషప్పుగారికీ వదిలెయ్యండి. చదువు మాత్రం ఆపకండి.

సెలవు.