ఇరాన్‌లో ఒక యూదు పంతులుగారి ఇల్లు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉర్దూ మీడియంలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం, తెలుగులో తప్పులు దొర్లితే మన్నించాలి. స్కాలర్‌షిప్పుల సంగతి వదిలేసి ఇరాన్ యూదుల సంగతి ఎందుకని మీరడగవచ్చు. ఒకనాడు క్లాసులో పెన్సిలు ఇవ్వనివాణ్ణి ఇంకొకడు "యహూదీ" అని తిట్టాడు. మేము నవ్వి ఊరుకున్నాము. ముందు బెంచీ పిల్లవాడు లేచి, "సార్, మీరు యహూదీని చూశారా?" అన్నాడు. చూడలేదు. ఆ సిగ్గుతోనే చదవడం మొదలుపెట్టాము.

యూదులు ఇరాన్‌కు నిన్న మొన్న వచ్చినవారు కారు. ఇస్లాం రాకముందు నుంచీ, రెండున్నర వేల ఏళ్ళకు పైగా అక్కడ ఉన్నారు. ఎస్తేరు, మొర్దెకైల సమాధులని వారు నమ్మే కట్టడం హమదాన్‌లో నేటికీ ఉంది. ఇంట్లో మాట్లాడేది ఫార్సీ. హాఫిజ్, సాదీ మనకెంత ప్రియమో వారికీ అంతే. 1979 విప్లవానికి ముందు సుమారు 80 వేల మంది ఉండేవారు.

రోయా హకాకియాన్ అనే రచయిత్రి తెహరాన్‌లో గడిచిన తన బాల్యాన్ని 2004లో పుస్తకంగా వెలువరించారు. తండ్రి బడిలో హెడ్‌మాస్టరు, కవి కూడా. మా వృత్తివాడే కదా అని మాకు ఆయనపై మమకారం కలిగింది. షా పోతే మంచి రోజులొస్తాయని ఆ యూదు పిల్ల కూడా సంబరపడింది. యూదుల ధర్మాసుపత్రి సాపీర్‌లో షా సైనికుల తూటాలు తగిలినవారికి వైద్యం చేశారు.

తర్వాత 1979 మే 9న యూదు సమాజ ప్రముఖుడు, వ్యాపారి హబీబ్ ఎల్ఘానియాన్‌కు మరణశిక్ష అమలు చేశారు. యూదు ఇళ్ళు వణికిపోయాయి. వారి పెద్దలు కుమ్ నగరానికి పోయి ఆయతుల్లా ఖుమైనీని కలిశారు. మన యూదులు వేరు, జియోనిస్టులు వేరు అని ఆయన ప్రకటించారు. ఆ ఏటి రాజ్యాంగం వారిని అల్పసంఖ్యాకులుగా గుర్తించి మజ్లిస్‌లో ఒక స్థానమిచ్చింది. వారి ప్రార్థనాలయాల్లో ఆరాధన ఆగలేదు. న్యాయంగా ఇదీ చెప్పుకోవాలి.

అయితే కాగితం మీది హక్కు వేరు, రాత్రి కంటినిండా నిద్ర వేరు. యూదు బడులకు ముస్లిం ప్రధానోపాధ్యాయులు వచ్చారు. శనివారం వారికి పవిత్ర దినం, అయినా పిల్లలు ఆ రోజు బడికి పోవలసి వచ్చింది. 2015లో గాని ఆ సెలవు దొరకలేదు. యూదు కుటుంబంలో ఒకడు ఇస్లాం స్వీకరిస్తే ఆస్తి మొత్తం వాడికే, తోబుట్టువులకు చిల్లిగవ్వ లేదని చట్టం. ఆస్తి కోసం కలిమా చదివినవాడి ఈమాన్ ఏపాటిదో ఉలమాలే సెలవివ్వాలి.

1980లలో ఇంటిల్లిపాదీ కలిసి విదేశం పోవడం కష్టమైంది. ఎందరో దొంగదారుల్లో పాకిస్తాన్, టర్కీ సరిహద్దులు దాటారు. రోయా అన్నలు ముందే అమెరికా చేరారు, 1984లో తల్లీ కూతుళ్ళు దేశం విడిచారు. 1999లో షీరాజ్ ప్రాంతంలో 13 మంది యూదులను గూఢచారులని పట్టుకున్నారు. 10 మందికి శిక్షలు పడ్డాయి, 2003 నాటికి అందరూ విడుదలయ్యారు. 2016 జనాభా లెక్కల్లో యూదులు పదివేల లోపే. అయినా ఇరాక్ యుద్ధంలో ఇరాన్ కోసం ప్రాణమిచ్చిన యూదు సైనికులున్నారు, 2014లో తెహరాన్‌లో వారికి స్మారకం నిలిపారు.

ఇక అసలు మాట. ఫలస్తీనీల బాధ మన బాధే, అందులో రాజీ లేదు. కాని ఇజ్రాయేల్ చేసినదానికి తెహరాన్ యూదు పిల్లను నిలదీయడం న్యాయమా? మా శిష్యుడొకడు పట్నం కాలేజీలో చేరిన వారానికే, ఎక్కడో జరిగినదానికి "మీవాళ్ళ పనే" అని ఎవరో అంటే రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ మాట మనకు ఎంత గుచ్చుకుంటుందో తెలిసినవాళ్ళం మనం. ఇతరులకు గుచ్చితే మనకే ఎక్కువ పాపం.

కాబట్టి మా మనవి చిన్నదే. రేపటి నుంచి మన ఇళ్ళలో ఆ పదాన్ని తిట్టుగా వాడవద్దు. అహ్లె కితాబ్ అని మన దీన్ పిలిచినవారి పేరది. మేమైతే క్లాసులో ఆ పిల్లవాడి ముందే తప్పు ఒప్పుకున్నాము.