ఎండిన చెరువులో దాగిన ప్రాణములు



కాశ్మీరమునందలి దాల్ సరస్సు కొన్ని శీతకాలములలో పైన గడ్డకట్టును. అయినను దాని క్రింద చేపలును, చిన్న ప్రాణులును బ్రతికియే యుండును. ఇందుకు కారణము నీటి స్వభావమే. నీరు చల్లబడినకొలది బరువెక్కును. కాని యీ నియమము 4 డిగ్రీల సెంటీగ్రేడు వరకే. అంతకు మించి చల్లబడిన నీరు మరల తేలికయగును. మంచు ఇంకను తేలిక. కావున మంచు ఇంటికప్పువలె పైన నిలుచును. అడుగున గడ్డకట్టని నీరు మిగులును.

నస్పూరు చెరువులకు మంచు భయము లేదు. గోదావరి యొడ్డుననున్న యీ సీమకు గండకాలము ఎండకాలమే. మే నెలలో వేడి 45 డిగ్రీలను దాటు దినములు కలవు. నీరు ఇంకి, శిఖము బీటలువారి, పశువులు తిరుగు బయలగును. అయినను తొలకరి నీరు నిలిచిన కొలది దినములకే అందు వేలకొలది చిన్న ప్రాణులు ఈదుచుండును. ఇవి వానతో ఆకాశమునుండి పడినవి కావు. వీనిలో పెక్కింటి విత్తనము ఆ బురదలోనే యుండెను.

డాఫ్నియా, మోయినా అనునవి ఆవగింజంతయో, అంతకన్న చిన్నవో యగు ప్రాణులు. రొయ్యకు దూరపు చుట్టములు. నీరును, మేతయు సమృద్ధిగా నున్నన్నాళ్లు వీనిలో ఆడువి మగతోడు లేకయే పిల్లలను కనును. గుంపు పెరిగి, మేత కరవైనచో మగవియు పుట్టును. అప్పుడు ఆడు మగ కలిసిన పిమ్మట వేరు రకపు గ్రుడ్లు కలుగును. తల్లి వీపు చిప్పలో కొంత భాగము గట్టిపడి, గుర్రపు జీను ఆకారముగల చిన్న పెట్టెయగును. డాఫ్నియా పెట్టెలో సాధారణముగా రెండు గ్రుడ్లుండును. తల్లి చచ్చినను పెట్టె బురదలో నిలుచును. లోని పిండము పెరుగుట మాని నిద్రించును. అది ఎండినను, గడ్డకట్టినను చెడదు. మంచుదేశముల చలిని దాటించునదియు, తెలంగాణపు ఎండను దాటించునదియు ఈ పెట్టెయే.

రైతు ఇంటనున్న విత్తనమంతయు ఒక్క వానకే చల్లడు. అట్లే యీ గ్రుడ్లన్నియు ఒక్కమారే పొదగవు. అకాలవర్షమునకు మేల్కొన్నవి నీరింకగానే నశింపవచ్చును. నిద్రలో మిగిలినవి వంశమును నిలుపును. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున ఒక సరస్సు అడుగునుండి తీసిన, సుమారు 700 సంవత్సరములనాటి డాఫ్నియా గ్రుడ్లు పొదిగినట్లు 2014లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అవి ఓరుగల్లున ప్రతాపరుద్రుడు ఏలిన కాలమునకు దగ్గరివి.

ఇంత చిన్న ప్రాణులతో ఊరికేమి పని యని అడుగవచ్చును. ఇవి నీటిలోని పాచిని తినును. చేపపిల్లలకు తొలినాళ్ల మేత ఇవియే. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ క్రింద చెరువుల పూడికమట్టి పొలములకు చేరెను. అది పొలమునకు బలము, చెరువునకు లోతు. అయితే పొదగగల గ్రుడ్లు ఎక్కువగా పైపొర మట్టిలోనే యుండును. కావున పూడిక తీయునపుడు ఒక ప్రక్క కొంత నేలను కదపక విడుచుట మేలు. కొంగల కాళ్లకంటి వేరొక చెరువునుండి గ్రుడ్లు వచ్చుట కలదు గాని, అవి ఎప్పుడు వచ్చునో నియమము లేదు. మట్టిపోసి ఇండ్లస్థలములుగా మార్చిన శిఖమునకు ఆ యాశయు లేదు. వెలుతురును, నీరును చేరని గ్రుడ్డు మేల్కొనదు.

ఎండిన శిఖమును చూచి పహాణీలో ఖాళీ నేలయని వ్రాయుట సులభము. ఆ నేలలో రాబోవు సంవత్సరపు చేపల మేత దాగియున్నదని వ్రాయుటకు అందు గడి లేదు. కావున దానిని ఊరివారే జ్ఞాపకముంచుకొని, చెరువు హద్దును కాపాడవలెను.

తొలకరి నీరు నిలిచిన పది దినములకు పిల్లలు పెద్దల తోడుతో గట్టునకు పోయి, గాజుగ్లాసులో కొంత నీరు ముంచి, వెలుతురుకెదురుగా పట్టి చూతురుగాక! చుక్కలవలె ఎగిరెగిరి ఈదునవి కనబడినచో, ఆ వేసవిని దాటివచ్చిన వారసులవియే.