కార్డా, కవరా?



నేనిప్పుడు పలుకుచున్న మాటలను రేడియో గలవా డెవడైనను వినవచ్చును. ఎల్లరును వినవలెననియే నా కోరిక గావున ఇందు హాని లేదు. ఊరికి కార్డుముక్క వచ్చినను అంతియే. తపాలాబంట్రోతు చదువును, రచ్చబండకడ నున్నవారు చదువుదురు, తుదకు ఇంటివానికి చేరును. క్షేమసమాచారమునకు కార్డు చాలును. భూమి తాకట్టు సంగతి వ్రాయవలసినచో నాలుగు డబ్బు లెక్కువైనను కవరే కొందుము.

నేడు మీ మనుమలు చేతిఫోనుతో బ్యాంకిసొమ్ము పంపుచున్నారు. ఆ వార్త తిన్నగా బ్యాంకికి పోదు. నడుమ ననేక యంత్రములు దాని నందుకొని యొకదాని కొకటి అందించును. అది కార్డుగా పోవలెనో, కవరులో పోవలెనో నిర్ణయించువాడు పంపువాడు కాడు, ప్రోగ్రామును వ్రాసినవాడు. యంత్రలోకమున కవరనగా గూఢలిపి. తాళపుచెవి గలవాడు తప్ప అన్యుడు చదువలేకుండ అక్షరములను గణితముచే తారుమారు చేయుట.

పూర్వము దూరపు కంప్యూటరుతో మాటలాడుటకు టెల్‌నెట్ అను పద్ధతి యుండెను. అది వట్టి కార్డు. పాస్‌వర్డు అను రహస్యపదము సైతము ఉన్నదున్నట్లుగా తంతిపై పోయెడిది. దాని నేర్పరచినవారిని నిందింపరాదు; నాడు నెట్‌వర్కులో నున్నవారు కొద్దిమంది. ఊరు పెరిగెను, తలుపులు మాత్రము తెరచియే యుండెను. 1995లో ఫిన్లండు దేశమున, హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయపు నెట్‌వర్కులో ఎవడో చాటుగా వినెడి ప్రోగ్రామును నిలిపెను. బయటపడునప్పటికి వేలకొలది రహస్యపదములు దానికి చిక్కియుండెను. వాడు ఏ తాళమును పగులగొట్టలేదు. దారిలో నిలిచి చదువుకొనెను, అంతే. అచ్చటి పరిశోధకుడు తతు యులోనెన్ ఆ యేడే ఎస్.ఎస్.హెచ్. అను గూఢపద్ధతిని రచించి ఉచితముగా పంచిపెట్టెను. టెల్‌నెట్టు ద్వారసంఖ్య 23, ఫైళ్లు పంపు పాతపద్ధతిది 21; నడుమ ఖాళీగా నున్న 22 నడిగి పుచ్చుకొనెను. ఆ యేడు ముగియులోపల 50 దేశములలో 20,000 మంది దానిని వాడిరని అంచనా.

అయినను కార్డు పక్షమున వాదించు ప్రోగ్రాముకర్తలు నేటికిని కలరు. కవరునకు ఖర్చందురు. 2015లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను సంస్థ ధ్రువపత్రములను ఉచితముగా నిచ్చుట మొదలిడినపిమ్మట ఆ మాట చెల్లదు. గూఢలిపిలో తప్పు వెదకుట కష్టమందురు. ఇది నిజమే, నేనొప్పుకొందును. తన బల్లపై నున్న యంత్రములో పరీక్షించుకొనునప్పుడు కార్డు వాడుకొనవచ్చును. చిక్కేమనగా, పని ముగిసి జనులకిచ్చునాడు దానిని మార్చుట మరతురు.

మూడవ వాదము, "ఇది మా ప్రహరీలోపలి సంగతి" యనునది. గూగులు సంస్థ తన కేంద్రముల నడుమ పంపుకొను వార్తలను అమెరికా గూఢచారిశాఖ దారిలో పట్టినదని 2013లో పత్రికలు వెల్లడించెను. ఆ సంస్థ తన లోపలిదారులకును గూఢలిపి నేర్పరచవలసివచ్చెను. అంతటివారి ప్రహరియే ఆగలేదు.

ఒక్క హెచ్చరిక. కవరంటించినంత మాత్రమున లోపలి వ్రాత సత్యము కాదు. మోసగాడును కవరు కొనగలడు. ఎవడో ఫోనులో అడిగినాడని రహస్యసంఖ్యను మీ నోటితోనే చెప్పినచో గూఢలిపి యేమి చేయగలదు?

పండుగకు మీ మనుమడు హైదరాబాదునుండి వచ్చినప్పుడు, అతడు ప్రోగ్రాములు వ్రాయువాడైనచో, "నీవు వ్రాయునది కార్డా, కవరా?" యని యడుగుడు. "లోపలిదే కదా తాతయ్యా" యన్న యెడల, ఆ లోపలికి దారులెన్ని యున్నవో లెక్కపెట్టితివా యని మరల నడుగుడు.