మనుమడికి చిన్న ఆపరేషన్ – ఇంట్లో పెద్దల పని
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను గురించి, కరువు భత్యం బకాయిల గురించి మాట్లాడుకునే సభలో పసిపిల్లల ఆపరేషన్ సంగతి ఏమిటని కొందరికి అనిపించవచ్చు. కొడుకూ కోడలూ ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలో రెండేళ్ల పిల్లవాడు పగలంతా ఉండేది మన దగ్గరే. ఆపరేషన్ ముందు రాత్రి వాడు పాలకు ఏడిస్తే లేచేదీ, తిరిగి వచ్చాక మందు పట్టేదీ చాలా ఇళ్లలో మనమే. పిల్లల వార్డులో చాలాకాలం నర్సుగా పనిచేసినదాన్ని కనుక ఈ విషయం నాకు అప్పగించారు.

ఈ వయసులో తరచుగా చేసేది గజ్జల్లో హెర్నియా ఆపరేషన్. పిల్లవాడు ఏడ్చినా, ముక్కినా గజ్జలో ఉబ్బు కనిపిస్తుంది, పడుకుంటే పోతుంది. మగపిల్లల్లో ఎక్కువ. బొడ్డు దగ్గర ఉబ్బు వేరు. అది చాలామందికి నాలుగైదేళ్లలోపు దానంతటదే సర్దుకుంటుంది. గజ్జల్లోది అలా మూసుకోదు. బిళ్ల పెట్టి గుడ్డ కట్టినా, నడుముకు పట్టీ వేసినా ప్రయోజనం లేదు. “ఇంత పసివాడికి కత్తా? అయిదేళ్లు రానీయండి” అని మనం అడ్డుపడితే, ఈలోగా పేగు అందులో ఇరుక్కోవచ్చు. ఉబ్బు గట్టిపడి, లోపలికి పోకుండా, పిల్లవాడు ఆగకుండా ఏడుస్తూ వాంతులు చేసుకుంటే అర్ధరాత్రయినా ఆసుపత్రికి పరుగెత్తవలసిందే. ముందుగా చేయిస్తే ఆరోగ్యంగా ఉన్న పిల్లలను సాధారణంగా ఆ సాయంత్రమే ఇంటికి పంపేస్తారు.

నేను ముఖ్యంగా చెప్పదలచినది కడుపు ఖాళీగా ఉంచడం గురించి. మత్తులో ఉన్నప్పుడు దగ్గి బయటికి తోసే శక్తి ఉండదు. కడుపులోని పాలు పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే అన్నం, బిస్కెట్లు, సీసా పాలు ఆరు గంటల ముందే ఆపాలి. తల్లిపాలు నాలుగు గంటల ముందు ఆపాలి. మంచినీళ్లు మాత్రం సాధారణంగా రెండు గంటల ముందు వరకు పట్టవచ్చు. కొన్నిచోట్ల ఇంకా దగ్గరి వరకూ ఇస్తున్నారు. మీ మత్తు డాక్టరు చెప్పిన లెక్కే మీకు లెక్క. నీళ్లు కూడా రాత్రి నుంచే మాన్పించి పిల్లవాడి నోరు ఎండగట్టనక్కరలేదు, ముందురోజే అడిగి కాగితం మీద రాయించుకోండి.

ఇక్కడ తప్పేది ఎక్కువగా మన ప్రేమే. ఒకసారి ఆపరేషన్ గది గుమ్మం దగ్గర మత్తు డాక్టరు “ఏమైనా పెట్టారా?” అని అడిగారు. తల్లి లేదంది. వెనకనుంచి బామ్మగారు, “తెల్లవారుజామున ఏడుస్తుంటే అరబిస్కెట్టు పెట్టానండీ” అన్నారు. కోడలి ముఖం ఎర్రబడింది, కొడుకు విసుక్కున్నాడు. డాక్టరు మాత్రం ఆ బామ్మగారికి చేతులెత్తి నమస్కారం పెట్టి ఆపరేషన్ మర్నాటికి వాయిదా వేశారు. పెట్టడం కంటే దాచడం ప్రమాదం. జలుబు, దగ్గు, జ్వరం ఉన్నా అలాగే చెప్పేయాలి.

పిల్లవాడికి ముందుగా ఏం చెప్పాలి? రెండేళ్లవాడికి వారం ముందు చెప్పి లాభం లేదు. ముందురోజు, “డాక్టరుగారు నిద్రపుచ్చి బుల్లి కట్టు వేస్తారు, అమ్మ పక్కనే ఉంటుంది” అంటే చాలు. ఇంతకాలం అన్నం తినకపోతే సూది వేయిస్తానని బెదిరించిన ఇళ్లలో ఆ ఫలితం ఆ రోజు కనిపిస్తుంది!

తల్లి పక్కన ఉండటం చిన్న సంగతి కాదు. ఇంగ్లండులో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన 1952లో ఒక చలనచిత్రం తీశారు. బొడ్డు హెర్నియా ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్న రెండేళ్ల పాప కథ అది. పెద్దగా ఏడవకుండా, బుద్ధిగా ఉన్నట్టే కనిపిస్తూ ఆ పిల్ల లోలోపల ఎంత కుమిలిపోయిందో అందులో చూపించారు. 1959లో అక్కడి ప్లాట్ నివేదిక తల్లిదండ్రులను పిల్లల దగ్గర ఉండనివ్వాలని సిఫారసు చేసింది. మత్తు వచ్చేవరకూ, మెలకువ వచ్చేటప్పుడూ ఒకరిని ఉండనిస్తారా అని మీరూ అడగండి. వాడి పాత దుప్పటి, బొమ్మ వెంట తీసుకెళ్లండి. మెలకువ రాగానే కొందరు పిల్లలు మనిషిని గుర్తుపట్టనట్టు కేకలు పెడతారు. కాసేపట్లో తగ్గుతుంది, కంగారు పడవద్దు.

ఇంటికి వచ్చాక మందు విషయం. పారాసిటమాల్ సీసాలన్నీ ఒకటి కావు. ఒక సిరప్‌లో 5 మి.లీ.కు 120 మి.గ్రా., మరొకదానిలో 250 మి.గ్రా., చుక్కల మందులో 1 మి.లీ.కే 100 మి.గ్రా. ఉంటుంది. సాధారణ మోతాదు కిలో బరువుకు 15 మి.గ్రా. అంటే 10 కిలోల పిల్లవాడికి 150 మి.గ్రా. మొదటి సీసాలో అది సుమారు 6 మి.లీ., రెండోదానిలో 3, చుక్కల మందులో ఒకటిన్నర. సీసా మారితే ఎంత తేడానో చూడండి! డాక్టరు రాసినది, సీసా మీద ఉన్నది కళ్లజోడు పెట్టుకుని సరిచూడండి. వంటింటి చెంచాతో కాక, కొలత మూతతోగాని సూది లేని సిరంజితోగాని పట్టండి. ఆరు గంటల ఎడం ఉండాలి. అమ్మ ఒకసారి, నాయనమ్మ ఒకసారి పట్టకుండా ఫ్రిజ్ తలుపు మీద కాగితం అతికించి వేళ రాయండి. మనం గుండెకు వేసుకునే ఆస్పిరిన్ పిల్లలకు వద్దేవద్దు.

ముందు గుక్కెడు నీళ్లు, నిలిస్తే పాలు, ఆ తరువాత ఇడ్లీ, మెత్తటి అన్నం పెట్టండి. పప్పు చీము పట్టిస్తుందని, పెరుగు వద్దని పథ్యం పెట్టకండి. మలబద్ధకం రాకుండా పండ్లు, నీళ్లు బాగా ఇవ్వండి. గాయం మీద పసుపు, నూనె, విభూతి ఏదీ రాయరాదు. స్నానం ఎప్పుడో డాక్టరునే అడగండి. కాళ్లు ఎడంగా వేయించి చంకన ఎత్తుకోవడం, మూడుచక్రాల సైకిలు ఎక్కించడం కొన్నాళ్లు మానండి. నడవనీయండి, వాడే నడుస్తాడు.

బీజాల దగ్గర కొద్ది వాపు కొన్నాళ్లు ఉండవచ్చు. జ్వరం 101 దాటినా, చీము, రక్తం కారినా, వాంతులు ఆగకపోయినా, ఎనిమిది గంటలు మూత్రం పోయకపోయినా వెంటనే తీసుకెళ్లాలి. రాత్రుళ్లు ఉలిక్కిపడటం, అమ్మను వదలకపోవడం, పక్క తడపడం ఒకటి రెండు వారాలు మామూలే. దిష్టి తీస్తామంటే తీయండి, నష్టం లేదు. కాని ఉప్పు, మిరపకాయల పొగ పసివాడికి తగలకుండా చూడండి. పక్క తడిపినందుకు మాత్రం కోప్పడకండి.

ప్రశ్నలున్నవారు టీ వేళ నన్ను అడగవచ్చు. సెలవు.