గోడమీది పేరు: సలీం–జావేద్ జంట (స్మారకోపన్యాసము)



జంటకవులనగానే మనకు తిరుపతి వేంకట కవులు స్ఫురింతురు. ఏ పద్యము దివాకర్ల వారిదో, ఏది చెళ్లపిళ్ల వారిదో తేల్చుటకు రసికులు పడిన పాట్లును స్ఫురించును. అట్టి ముచ్చటల నెరిగిన శ్రోతలకు హిందీ చలనచిత్రసీమలోని సలీం–జావేద్‌ల వృత్తాంతము పరాయిదిగా తోచదని తలంచి, నేటి ప్రసంగమునకు దానిని స్వీకరించితిని.

నటుడు కాగోరి ఇండోరు నుండి బొంబాయి చేరిన సలీం ఖానును, కవి జాన్ నిసార్ అక్తరు కుమారుడై యుండియు 1964లో రిక్తహస్తములతో ఆ నగరమున దిగిన జావేద్ అక్తరును, నేడెవరికిని జ్ఞప్తిలేని ‘సర్హదీ లుటేరా’ చిత్రీకరణమున పరిచితులైరి. పిమ్మట సిప్పీ ఫిల్మ్స్ కథావిభాగమున కుదురుకొనిరి. వారి ‘సీతా ఔర్ గీతా’ (1972)తో మనకొక బంధుత్వము కలదు: డి.వి. నరసరాజుగారు ‘రాముడు భీముడు’ (1964)నకు కూర్చిన కవలల కథ హిందీకి వెళ్లి ‘రామ్ ఔర్ శ్యామ్’ కాగా, దాని ఛాయలో ఆడు కవలల కథ పుట్టి, వాణిశ్రీ ‘గంగ మంగ’ (1973)గా, అమ్మమ్మగారింటికి మనుమరాలు వచ్చినట్లు, తెలుగునకు వచ్చెను.

అయితే వారి ఘనకార్యము కథలకంటె కథకుని స్థానమునకు సంబంధించినదని నా అభిప్రాయము. ఆనాటి హిందీ చిత్రరచయిత, సెట్టులో ఒక మూల కూర్చుండి, అడిగినపుడెల్ల మాటలు వ్రాసియిచ్చు ‘మున్షీ’ మాత్రుడు. వీరో, చిత్రీకరణమునకు మునుపే సంభాషణలతో సహా సమగ్రమైన ప్రతిని సిద్ధపరచి, దానికి తామే వెల కట్టిరి. పేరుగల నటులు కాదన్న ‘జంజీర్’ (1973) పాత్రకు, వరుస పరాజయములతో కుంగియున్న అమితాబ్ బచ్చనును సూచించినవారును వీరే. ఆ చిత్రపు పోస్టరులపై తమ పేరు లేకుండుట చూచి, రంగుడబ్బాతో జీపులో మనిషిని పంపి, రాత్రికి రాత్రి బొంబాయి గోడలపై తమ పేరు వేయించిరి. ఆ తొందరలో అక్షరములు కొన్నిచోట్ల నాయకుని ముఖముపైననే పడెనని చెప్పుకొందురు! దీనిని అహంకారమనువారు కలరు, నేననను. ఒంటరివాడు చేసియుండిన మరునాడే పని పోగొట్టుకొనెడివాడు. ఆ తెగువ ఇద్దరుండుటవలన వచ్చినదని నా ఊహ.

‘దీవార్’, ‘షోలే’ రెండును 1975లోనే వెలువడెను. పాటల రికార్డులకు అలవాటుపడిన జనము ‘షోలే’ మాటల రికార్డులను కొనిరి. రచయిత మాట అంగడిలో విడిగా అమ్ముడుపోయినదన్నమాట. మన రామారావుగారు ‘నిప్పులాంటి మనిషి’ (1974), ‘మగాడు’ (1976), ‘యుగంధర్’ (1979)లలో వీరి నాయకపాత్రలనే ధరించిరి.

1980ల ఆరంభమున వారు విడిపోయిరి. జావేదు గీతరచన చేపట్టెను. సలీము ఒంటరిగా ‘నామ్’ (1986) వ్రాసెను. ఎవరి పాలెంతయో ఇక తేలునని లోకము తక్కెడ పట్టుకొని కూర్చున్నవేళ, 1987లో ‘మిస్టర్ ఇండియా’ విడుదలయ్యెను. దాని రచయితల పేరు మరల సలీం–జావేద్.